నెట్‌వర్క్ మార్కెటింగు: వ్యాపారనిర్మాణము, బృందనిర్మాణము

ఒక సంస్థ తన సరకును టోకువర్తకులు, చిల్లరదుకాణములు అను నడిమి మెట్లగుండ పంపక, స్వతంత్రులైన వ్యక్తులచేత నేరుగా గృహస్థులకు అమ్మించి, ఆ విక్రేతలకు వారి స్వంత అమ్మకముమీదనే కాక, వారు చేర్చినవారి అమ్మకములమీదను, ఆ చేరినవారు మరల చేర్చినవారి అమ్మకములమీదను అంచెలంచెలుగా కమిషను చెల్లించు వ్యాపారపద్ధతికి నెట్‌వర్క్ మార్కెటింగు అని పేరు. వార్తాపత్రికలు దీనిని గొలుసుకట్టు వ్యాపారమనియు, జనులు చైను సిస్టమనియు వ్యవహరించుచున్నారు. ఈ వ్యాపారమున పనిచేయువాడు సంస్థకు ఉద్యోగి కాడు. అతనికి జీతము లేదు, హాజరుపట్టీ లేదు, పింఛను లేదు. అతనిని చేర్చినవాడు అతనికి అప్‌లైను. అతడు చేర్చినవారు అతనికి డౌన్‌లైను. ఈ యిరువైపుల వారితోను అతనికి గల సంబంధమునే బృందమందురు.

దీనిని గూర్చి వ్రాయువారు సామాన్యముగా రెండు తెగలు. ఒక తెగవారు దీనిని పేదవాని పాలిటి కల్పవృక్షముగా కీర్తింతురు. రెండవ తెగవారు పేరు వినగనే మోసమని త్రోసివేయుదురు. రెండును విచారణకు నిలువని మాటలే. దీని చరిత్రను, దీని లెక్కలను, దీనిపై న్యాయస్థానములు చెప్పిన తీర్పులను కలిపి చూచినచో, నిలిచిన వ్యాపారములు చాలమట్టుకు గొలుసునకు వెలుపలనున్న కొనుగోలుదారుని ఆధారముగా నిలిచినవనియు, కూలినవి చాలమట్టుకు చేరుచున్నవారి సొమ్ముమీద లేచినవనియు తేటపడును. బృందమును నిర్మింపదలచినవాడు మొట్టమొదట ఎరుగవలసిన విషయము ఇదియే. తక్కిన నేర్పులన్నియు దీని తరువాతివి.

పుట్టుక

గడపగడపకు తిరిగి సరకమ్ముట అన్ని దేశములందును పూర్వమునుండి యున్నదే. మన పల్లెలలో గాజుల మలారము మోసికొని వచ్చువారును, చీరల మూట విప్పి వాయిదాలమీద ఇచ్చిపోవువారును ఈ కోవకు చెందినవారే. ఐతే అట్టి అమ్మకమునే ఒక సంస్థ తన ముఖ్యమార్గముగా స్వీకరించి, దానికొక కట్టుబాటు కల్పించుట అమెరికా సంయుక్తరాష్ట్రములలో పందొమ్మిదవ శతాబ్ది చివరిపాదమున జరిగినది. ఇంటింట పుస్తకములమ్ముచు, గృహిణులను ఆకర్షించుటకై అత్తరు నమూనాలను ఉచితముగా పంచిపెట్టిన డేవిడ్ మెకానెల్ అను వర్తకుడు, తన పుస్తకములకంటె అత్తరునకే గిరాకి హెచ్చుగా నుండుట కనిపెట్టి, 1886లో న్యూయార్కునందు కాలిఫోర్నియా పర్‌ఫ్యూమ్ కంపెనీని స్థాపించెను. న్యూహాంప్‌షైరు రాష్ట్రములోని వించెస్టరు నివాసినియగు శ్రీమతి ఆల్బీ ఆ సంస్థకు తొలి విక్రేత్రిగా నిలిచి, ఇతర స్త్రీలను చేర్చి వారికి పని నేర్పెను. 1939లో ఏవన్ అను పేరు ధరించిన సంస్థ ఇదియే. అమెరికా స్త్రీలకు దేశమంతటను వోటుహక్కు 1920లో సంక్రమించినదని తలచుకొన్నచో, అంతకు మూడు దశాబ్దములకు పైగా పూర్వమే ఇల్లు విడువని స్త్రీకి స్వంత సంపాదనను చూపిన ఈ పద్ధతికి అంతటి ఆకర్షణ యేల కలిగెనో బోధపడగలదు. 1906లో ఆల్ఫ్రెడ్ ఫుల్లరు నెలకొల్పిన బ్రష్షుల కంపెనీయు, 1931లో ఫ్రాంక్ స్టాన్లీ బెవరిడ్జి స్థాపించిన స్టాన్లీ హోమ్ ప్రాడక్ట్స్ సంస్థయు ఈ బాటనే నడచినవి.

అంచెల పద్ధతికి బీజము న్యూట్రిలైట్ అను పోషకపదార్థముతో పడినది. చైనాలో పనిచేసి వచ్చిన కార్ల్ రేన్‌బోర్గు, ఆహారలోపమువలన కలుగు అనారోగ్యమును నివారింపగల వృక్షసారమిశ్రణమును సిద్ధపరుపదలచి, 1934లో కాలిఫోర్నియాయందు ఒక విటమిన్ల సంస్థను ప్రారంభించి, 1939లో దానికి న్యూట్రిలైట్ అని పేరు మార్చెను. 1945లో లీ మైటింజరు అను విక్రయనిపుణుడును, విలియం కాసెల్‌బెరీ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడును ఆ సరకు పంపిణీని చేపట్టి, విక్రేత తాను చేర్చి తర్ఫీదు చేసినవారి అమ్మకములపై గూడ కొంత శాతము పొందు ఏర్పాటును ప్రవేశపెట్టిరి. ఒక వర్తకుడును ఒక మనస్తత్త్వవేత్తయు కలిసి దీనిని రూపొందించుట కేవలము కాకతాళీయము కాదని నా తలంపు. మనుష్యుని ఆశను ఇంత నిపుణముగా లెక్కలలో బిగించిన పథకము వాణిజ్యచరిత్రలో అరుదు.

మిచిగన్ రాష్ట్రములోని గ్రాండ్ రాపిడ్సు పట్టణమునకు చెందిన రిచ్ డివాస్, జే వాన్ ఆండెల్ అను పాఠశాలనాటి మిత్రులిరువురు 1949లో న్యూట్రిలైటు విక్రేతలుగా చేరి, పది సంవత్సరములలో ఒక పెద్ద బృందమును కూర్చిరి. సరకు నందించు సంస్థలో అంతఃకలహములు చెలరేగగా, తమ బృందమెక్కడ చెదరిపోవునో యను భయముతో, తమ యిండ్ల నేలమాళిగలే కార్యాలయములుగా 1959లో ఆడా అను చిన్న ఊరిలో ఆమ్‌వే సంస్థను ఆరంభించిరి. తొలి సరకు ద్రవరూపమున నుండు ఇంటి క్లీనరు. ఇక్కడ గమనింపదగినది ఒకటి గలదు: ఈ సంస్థ విషయమున బృందము ముందు పుట్టినది, సరకు వెనుక వచ్చినది. అమ్మనేర్చిన మనుష్యులుండగా వారి చేతికేమి ఇత్తుమా యని వెదకి, ఏ యింటనైనను నెల తిరుగకముందే అయిపోవు వస్తువును వారు ఎన్నుకొనిరి. 1972 నాటికి న్యూట్రిలైటు సంస్థమీదనే ఆమ్‌వే ఆధిపత్యము సంపాదించెను.

ప్రతిఫల పద్ధతులు, వాని లెక్కలు

విక్రేతకు సొమ్ము చేరు దారులు నాలుగైదు విధములు. తాను చేర్చినవారి సంఖ్యకు పరిమితి లేకుండ, ఒక్కొక్క అంచెపై నిర్ణీతశాతము నిచ్చునది ఏక అంచెల పద్ధతి. ఒక్కొక్కని క్రింద ఇంతమందియే యుండవలెనని హద్దు పెట్టునది మాట్రిక్సు. ఎడమవైపు ఒకడు, కుడివైపు ఒకడుగా రెండే కాళ్ళనిచ్చి, ఇరుప్రక్కల అమ్మకము సరితూగినప్పుడు జతకింతయని చెల్లించునది బైనరీ. మన పట్టణములలో ‘పెయిరు పడినదా?’ అను ప్రశ్న ఈ పద్ధతిలోనిదే. అన్నిటికంటె పాతదియు, ఆమ్‌వే వంటి సంస్థలవలన ప్రసిద్ధమైనదియు సోపానపద్ధతి.

సోపానపద్ధతిని ఒక ఊహాలెక్కతో వివరింపవచ్చును. నెలకు జరుగు అమ్మకము పెరిగినకొలది కమిషను శాతము మెట్టుమెట్టుగా పెరుగునని యనుకొందము. బృందనాయకుడు నూటికి పదునైదు మెట్టునను, అతడు క్రొత్తగా చేర్చినవాడు నూటికి ఐదు మెట్టునను ఉన్నారు. క్రొత్తవాడు పదివేల రూపాయల సరకమ్మినచో అతనికి వచ్చునది ఐదువందలు. పదునైదింటికి ఐదింటికి గల భేదము, అనగా వేయి రూపాయలు, నాయకునిది. తిరిగినవానికి ఐదువందలు, తిప్పినవానికి వేయి. ఇది అన్యాయమని వెంటనే తోచును గాని, నాయకుడు నిజముగా శిక్షణ నిచ్చి, సరకు తెప్పించి, మొదటి కొనుగోలుదార్లకడకు వెంటబెట్టుకొని పోయినచో అది అతని శ్రమఫలమే యగును. చిక్కు మరియొకచోట నున్నది. క్రొత్తవాడు వృద్ధిపొంది తానును పదునైదు మెట్టు నెక్కిన నాడు ఆ భేదము సున్న యగును. అటుపై అతడు విడివడి ప్రత్యేక శాఖ యగును. నాయకునికి దానిపై స్వల్పమైన రాయల్టీ మాత్రము మిగులును. శిష్యుడు ఎదిగినకొలది గురువు ఆదాయము తగ్గు ఈ ఏర్పాటులో, గురువు ఆ శిష్యుని నిజముగా ఎదుగనిచ్చునా యనునది మనుష్యస్వభావమునకు సంబంధించిన ప్రశ్న. దూరదృష్టి గలవాడు ఎదుగనిచ్చి, అట్టి శాఖలను పదింటిని సంపాదించును. లేనివాడు ఎప్పటికప్పుడు క్రొత్తవారిని చేర్చుకొనుచు, పాతవారిని క్రింది మెట్టుననే యుంచును.

ఇక చేర్పుల గణితము. ప్రతివాడును ఆర్గురిని చేర్చినచో చాలునని సభలలో పలకమీద గీసి చూపుదురు. ఆరు, ముప్పదియారు, రెండువందల పదునారు: ఇంతవరకు వినుట కింపుగానే యుండును. కాని అదే లెక్కను ఆపక సాగించినచో పదవ అంచెకు 6,04,66,176 మంది కావలసివత్తురు. పదునొకండవ అంచెకు 36,27,97,056 మంది. 2011 జనాభాలెక్కలలో అవిభక్త ఆంధ్రప్రదేశపు జనసంఖ్య, ఉయ్యాలలోని పాపలతో సహా, 8,45,80,777. పదునొకండవ అంచె నిండుటకు అట్టి రాష్ట్రములు నాలుగున్ను చాలవు. అంతకంటె సూక్ష్మమైన విషయము, గొలుసు ఎక్కడ ఆగినను మారనిది, ఇంకొకటి గలదు. ఆరింటి వృక్షములో చిట్టచివరి అంచెయందున్నవారు ఎల్లప్పుడును మొత్తములో ఇంచుమించు ఆరింట ఐదువంతులు, అనగా నూటికి ఎనుబదిముగ్గురు. వారిక్రింద ఎవ్వరును లేరు గనుక అంచెల కమిషను వారికి రాదు. వారు సోమరులగుటవలన కాదు, ఉత్సాహము చాలకపోవుటవలన కాదు. వృక్షమునకు ఆకారమే అట్టిది. కావున ఆ ఎనుబదిముగ్గురికిని గిట్టుబాటు కావలెనన్నచో అది స్వంతముగా సరకమ్ముటవలననే కావలెను. ఈ ఒక్క లెక్క తెలిసినవానికి బృందనిర్మాణ విషయమున సగము జ్ఞానము కలిగినట్లే.

వ్యాపారమును నిలుపు విధము

సరకును పరీక్షించుటకు ఒకే ప్రశ్న చాలును: కమిషను అనునదే లేకపోయినను, ఈ వెలకు ఈ వస్తువును ఎవరైన కొందురా? సబ్బు, పండ్లపొడి, వంటనూనె, పోషకచూర్ణము వంటి నిత్యవ్యయవస్తువులకు ప్రతినెలయు గిరాకి యుండును. పరుపులు, నీటిశుద్ధియంత్రములు వంటివానిని ఒకమారు కొన్న యింట మరల చాలకాలము కొనరు గనుక, వానినమ్మువాడు ఎల్లప్పుడును క్రొత్త యిల్లు వెదకుకొనుచుండవలెను. అతడు త్వరలోనే సరకును విడిచి మనుష్యులను చేర్చుటకు దిగును. వస్తువు వెలలో అన్ని అంచెల కమిషనులును ఇమిడియుండును గనుక అది వీధికొట్టులోని వెలకంటె సామాన్యముగా హెచ్చుగానే యుండును. ఆ హెచ్చుదలకు తగిన నాణ్యమో, ఇంటివద్దనే చూపి వివరించు సౌకర్యమో, నచ్చనిచో వాపసు తీసికొను పూచీయో లేనిచో గృహిణి మొదటిమారు మొగమాటమునకు కొని, రెండవమారు తలుపు తీయదు. మొగమాటపు కొనుగోలును వ్యాపారముగా లెక్కించుట ఈ రంగమున క్రొత్తవారు చేయు పొరపాటులలో మొదటిది.

ఆరోగ్యవస్తువులు అమ్మువారికి ప్రత్యేకముగా చెప్పవలసిన దొకటి గలదు. న్యూట్రిలైటు విక్రేతలు పంచిన పుస్తకములో ఆ చూర్ణమును నానారోగములకు మందుగా వర్ణించుటచేత అమెరికా ప్రభుత్వ ఆహారౌషధశాఖ ఆ సరకును స్వాధీనపరచుకొనగా, వివాదము 1950లో ఆ దేశపు సుప్రీంకోర్టుదాక పోయినది. మనదేశమున మధుమేహము, కేన్సరు మొదలగు వ్యాధులు నయమగునని చాటు ప్రకటనలను 1954 నాటి చట్టము నిషేధించినది. ఐనను నేటికిని చక్కెరవ్యాధి మాత్రలు మానివేసి మా పొడి వాడుడని చెప్పు విక్రేతలు లేకపోలేదు. ఇట్టివాడు బృందములో ఒక్కడున్నను తక్కినవారి పేరు చెడును; నాయకుడు అట్టివానిని దిద్దవలెను, దిద్దుబాటునకు లొంగనిచో తొలగింపవలెను.

సరకు నిలువ మరియొక చిక్కు. తన మెట్టు నిలుపుకొనుటకై నెలనెల ఇంత కొనవలెనను నిబంధన యున్నచోట, విక్రేత తనకు తానే కొనుగోలుదారు డగును. నెలకు మూడువేల రూపాయల సరకు కోటాకై కొని, తొమ్మిదివందలు కమిషనుగా పొందినవాడు తనకు తొమ్మిదివందలు ఆదాయము వచ్చినదని భార్యకు చెప్పును. మంచముక్రింద పేరుకొన్న డబ్బాలు మాత్రము వేరొక లెక్క చెప్పుచుండును. కావున ప్రతివిక్రేతయు రెండు పద్దులు వేరువేరుగా వ్రాసికొనవలెను: బయటివారికి అమ్మినది, ఇంటికి వాడుకొన్నది. ప్రయాణములు, ఫోను, సభలకు పోయిన టిక్కెట్లు, అతిథులకు పోసిన కాఫీలు ఖర్చులో వ్రాయవలెను. ఈ పద్దులు వ్రాయమని చెప్పు అప్‌లైను మంచివాడు. అది నిరుత్సాహజనకమని వారించువానినుండి తొలగుట మేలు.

బృందమును కూర్చు విధము

క్రొత్తగా చేరినవానికి నేర్పు తొలిపాఠము నూరు పేర్ల జాబితా. బంధువులు, సహపాఠులు, ఇరుగుపొరుగువారు, పెండ్లి శుభలేఖలు పంచిన చిట్టా, ఏదియు విడువరాదు. ఈ జాబితాయే అతని మూలధనము. దీనికి ఏ బ్యాంకును అప్పీయదు, ఒకమారు ఖర్చైనచో మరల సమకూడదు. తెలుగుదేశమున బంధుత్వము విస్తారము, మొగమాటము బలీయము. కనుకనే ఇట్టి పథకములు మనవారిలో వేగముగా ప్రాకినవి. కనుకనే అవి చెడినప్పుడు చెరిపిపోయినది సొమ్మును మాత్రమే కాదు. “బావా, ఆదివారం ఒకసారి ఇంటికి రా, చిన్న పని ఉంది” అని పిలిచి, తీర వచ్చినతరువాత పలక తీసి ప్లాను చూపించు అలవాటు వలన ఎన్ని యిండ్లలో రాకపోకలు తగ్గినవో పాఠకులే యెరుగుదురు. పిలుచునప్పుడే సంగతి చెప్పి పిలుచుట మర్యాదయే కాదు, నేడు చట్టము కూడ: తన్నును, సంస్థను, సరకును, వచ్చిన పనిని సంభాషణారంభముననే నిజముగా తెలుపవలెనని 2021 నాటి కేంద్రనియమములు విక్రేతను శాసించుచున్నవి.

ఎవరిని చేర్చుకొనవలెను? అందరిని అనునది సభలలో వినవచ్చు సమాధానము. అనుభవము దీనికి విరుద్ధము. ఆరునెలలు సంతోషముగా సరకు కొని వాడిన గృహిణి, ఎవరును ప్రోత్సహింపకయే నలుగురికి దానిని గూర్చి చెప్పినదైనచో, ఆమె విక్రేత కాదగినది. అప్పులలో మునిగి, ఈ పథకమే తన్ను గట్టెక్కించునని వచ్చువాడు తగడు. అతనికి కావలసినది నెలజీతము. ఇట్టివానిని చేర్చుకొని అతని చివరి పదివేలను కట్టించుకొనుట లాభముగా కనబడినను, మూడునెలలలో అతడు మానుకొనును, ఊరంతయు చెప్పును. కొనుగోలుదార్లనుండి విక్రేతలను ఏరుకొనుట నిదానమైన మార్గము; విక్రేతలను చేర్చి వారినే కొనుగోలుదార్లుగా చేయుట వేగమైన మార్గము. తుదకు న్యాయస్థానములు బోనెక్కించినది ఈ రెండవ మార్గమునే.

శిక్షణ యనగా హోటలు హాలులో ఉపన్యాసము వినుట కాదు. నాయకుడు క్రొత్తవానిని వెంటబెట్టుకొని నాలుగిండ్లకు పోయి తాను అమ్మి చూపవలెను. తరువాత నాలుగిండ్లలో క్రొత్తవాడు మాటలాడుచుండగా తాను ప్రక్కన ఊరక కూర్చుండవలెను. పిమ్మట అతనిని ఒంటరిగా పంపి సాయంకాలము లెక్క అడుగవలెను. పద్ధతి ఎంత సులువుగా నున్నచో అంతగా అది ఒకనినుండి మరియొకనికి మారక చేరును. నాయకుని వాక్చాతుర్యమువలననే నడచు బృందము అతడు జ్వరపడిన నెలలో నిలిచిపోవును. ఒకే శాఖపై ఆధారపడక మూడునాలుగు శాఖలను పెంచుట, తాను చేర్చినవానిని మాత్రమే కాక అతడు చేర్చినవానికి గూడ తోడ్పడుట, చేరినవారి పేర్లను గాక ఆ నెల నిజముగా అమ్మినవారి పేర్లను లెక్కించుట, ఇవి అనుభవజ్ఞులు పాటించు రీతులు. మానివేయువారు ఎల్లప్పుడును చాలమంది యుందురు. వారిని ద్రోహులుగా నిందించు నాయకుడు తన కొనుగోలుదార్లను తానే పోగొట్టుకొనుచున్నాడు. విక్రేతగా మానినవాడు వాడుకరిగా మిగులుటకు అడ్డమేమున్నది?

మెప్పుదలకు గల శక్తిని అందరికంటె ముందుగా గ్రహించినది టప్పర్‌వేర్ సంస్థకు చెందిన బ్రౌనీ వైజు. స్టాన్లీ సంస్థలో పని నేర్చిన ఆమె, దుకాణములలో అమ్ముడుపోని ఎర్ల్ టప్పరు గిన్నెలను ఇరుగమ్మ పొరుగమ్మల విందులలో మూత బిగించి, తలక్రిందులు చేసి చూపి అమ్మగా, 1951లో సంస్థ తన సరకును దుకాణములనుండి ఉపసంహరించి ఆమెను ఉపాధ్యక్షురాలిని చేసెను. 1954లో బిజినెస్ వీక్ పత్రిక ముఖపత్రముపై కనబడిన తొలి స్త్రీ ఆమెయే. ఫ్లారిడాలో ఏటేట జరుగు ఉత్సవములలో, నేలలో పాతిపెట్టిన బహుమానములను విక్రేత్రులు పారలతో త్రవ్వి తీసికొనునట్లు ఆమె ఏర్పాటు చేసెను. ఇంటిపనికి ఏనాడును మెచ్చుకోలు దొరకని స్త్రీకి వేదికపై వినబడిన తన పేరు కమిషనుకంటె తియ్యగా నుండెను. ఐనను 1958లో టప్పరు ఆమెను తొలగించి, ఆ యేడే సంస్థను అమ్మివేసెను. ఆ సంస్థలో ఆమెకు వాటాలు లేకుండెను. బృందము తనదని ఎంత నమ్మినను, అది సంస్థవారి ఒప్పందపత్రముమీద నిలిచియున్నదని ప్రతి బృందనాయకుడును ఎరిగియుండవలెను.

మెప్పుదల వికటించిన తీరు గూడ చెప్పవలసియున్నది. రూబీ, ఎమరాల్డ్, డైమండ్ అను బిరుదములు, చేరినవానిచేత కలలుగనిపించు ప్రసంగములు, అద్దె కారుల ఊరేగింపులు, అనుమానమడిగినవానిని ‘నెగటివు మనిషి’ యని వెలివేయుట, ఇవి చేరి వ్యాపారసభను భజనగోష్ఠిగా మార్చినవి. ప్రసంగముల టేపులు, పుస్తకములు, సభల టిక్కెట్లు అమ్ముట పైఅంచెలవారికి వేరొక ఆదాయమార్గ మయ్యెను. సబ్బు అమ్మి సంపాదించితినని చెప్పువాడు వాస్తవమునకు సబ్బు అమ్ముట ఎట్లను టేపు అమ్మి సంపాదించుచున్నాడేమో విచారించుకొనవలెను.

చట్టము, తీర్పులు

అమెరికాలో ఈ పద్ధతికి గల హద్దులు రెండు తీర్పులలో ఏర్పడినవి. మింకు నూనెతో చేసిన సౌందర్యద్రవ్యముల పేర గ్లెన్ టర్నరు ఫ్లారిడాలో నడపిన కాస్కాట్ ఇంటర్‌ప్లానెటరీ సంస్థను 1975లో ఫెడరల్ ట్రేడ్ కమిషను ఖండించుచు, సరకమ్ము హక్కునకును, సరకు వాడుకరికి చేరుటతో నిమిత్తములేకుండ క్రొత్తవారిని చేర్చినందులకు ప్రతిఫలము పొందు హక్కునకును సొమ్ము కట్టించుకొనుట పిరమిడు పథకమని నిర్వచించెను. 1979లో ఆమ్‌వే విషయమున అదే కమిషను, ఆ సంస్థకు మూడు కట్టుబాట్లుండుటచేత అది పిరమిడు కాదని తేల్చెను: మునుపు కొన్నదానిలో నూటికి డెబ్బదివంతులు అమ్మినగాని మరల కొనరాదు, నెలకు పదిమంది బయటి కొనుగోలుదార్లు ఉండవలెను, మిగిలిన సరకును వాపసు తీసికొనవలెను. ఈ తీర్పును సభలలో ఉదాహరించువారు, అదే తీర్పులో ఆమ్‌వే వెలలను కట్టడి చేసినదనియు, ఆదాయములను అతిశయించి చెప్పినదనియు కమిషను తప్పుపట్టిన సంగతిని చెప్పరు. 2016లో హెర్బలైఫ్ సంస్థ ఇరువది కోట్ల డాలర్లు చెల్లించి, విక్రేతల ప్రతిఫలములో కనీసము మూడింట రెండువంతులు ఋజువైన చిల్లర అమ్మకములమీదనే యుండునట్లు తన పద్ధతిని మార్చుకొనుట కంగీకరించెను. చైనా ప్రభుత్వము 1998లో ఈ వ్యాపారమునే నిషేధించి, 2005లో అంచెలు లేని ప్రత్యక్షవిక్రయమును మాత్రము అనుమతించినది.

భారతదేశమున యురేకా ఫోర్బ్స్ 1982 నుండియే ఇంటింటి అమ్మకము సాగించినను, అంచెల వ్యాపారము విస్తరించుట ఆర్థికసంస్కరణల పిమ్మటనే. మోడికేర్ 1996లోను, ఆమ్‌వే 1998లోను కార్యకలాపము లారంభించినవి. కాని వీనిని తూచుటకు చేతనున్న త్రాసు పాతది: బహుమతి చీటీలను, ద్రవ్యపరిభ్రమణ పథకములను నిషేధించిన 1978 నాటి చట్టము. సభ్యుల చేర్పుతో ముడిపడి త్వరగా, సులువుగా సొమ్ము చేకూర్చు ఏ పథకమైనను, దాని పేరేదైనను, ఈ చట్టము క్రింద నేరము. మూడేండ్లవరకు జైలుశిక్ష పడవచ్చును. మన యిండ్లలో నడచు మామూలు చీటీలకు వేరొక చట్టము, 1982 నాటిది, కలదు గనుక ఈ రెంటిని కలిపి భయపడ నక్కరలేదు.

ఈ చట్టమునకు నెట్‌వర్కు వ్యాపారమునకు గల సంబంధము తెలుగుగడ్డమీదనే తీవ్రముగా పరీక్షింపబడినది. 2006లో ఆంధ్రప్రదేశ్ సి.ఐ.డి. పోలీసులు ఆమ్‌వే కార్యాలయములపై దాడిచేయగా, ఆ సంస్థ హైకోర్టును ఆశ్రయించెను. 2007 జులైలో ధర్మాసనము ఆ పిటిషనును త్రోసిపుచ్చుచు, సరకుండినంతమాత్రముననే పథకము చట్టమునుండి తప్పించుకొనజాలదనియు, పైఅంచెవారు క్రిందివారి చేర్పులవలనను కొనుగోళ్ళవలనను పొందు కమిషను సులువైన సొమ్మే యగుననియు అభిప్రాయపడెను. 2014లో కర్నూలు కేసులో ఆ సంస్థ భారతశాఖ ప్రధానాధికారిని పోలీసులు నిర్బంధించిరి. 2022 ఏప్రిలులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేటు 757.77 కోట్ల రూపాయల విలువగల ఆ సంస్థ ఆస్తులను జప్తు చేయుచు, ఇది పిరమిడు మోసమని ఆరోపించెను. నడుమ 2019లో, విద్యార్థులకు కంప్యూటరు పాఠముల పేర సభ్యత్వములమ్మిన ఈబిజ్ సంస్థ నిర్వాహకులను సైబరాబాదు పోలీసులు పట్టుకొనిరి. ఇంజనీరింగు కళాశాలల హాస్టళ్ళే ఇట్టి పథకములకు పంటపొలములగుట విచారకరము.

వినియోగదారుల రక్షణచట్టము క్రింద 2021 డిసెంబరులో వెలువడిన ప్రత్యక్షవిక్రయ నియమములు ఈ గందరగోళమును కొంత తొలగించినవి. సంస్థకు భారతదేశమున రిజిస్టరైన కార్యాలయ ముండవలెను. ఫిర్యాదుల అధికారిని నియమింపవలెను. పిరమిడు పథకము నడుపరాదు. చేరినందులకు రుసుము పుచ్చుకొనరాదు. అమ్మగలదానికంటె హెచ్చు సరకు కొనుమని విక్రేతను నిర్బంధింపరాదు. విక్రేత గుర్తింపుకార్డు లేకుండ, ముందుగా అనుమతి పొందకుండ గడప త్రొక్కరాదు. వీని అమలును కనిపెట్టియుండు భారము రాష్ట్రప్రభుత్వములది.

ఆదాయముల విషయమున అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషను సిబ్బంది 2024లో డెబ్బది సంస్థల ఆదాయప్రకటనలను పరిశీలించి, చేరినవారిలో అత్యధికులు సంవత్సరమునకు వేయి డాలర్లు గాని అంతకు తక్కువ గాని పొందుచున్నారని తెలిపిరి. అదియును ఖర్చులు తీసివేయకముందటి మొత్తమే. మనదేశమున చేరదలచినవారు సంస్థను అడుగవలసిన కాగితములు మూడు: వాపసు షరతులు, క్రిందటి యేట విక్రేతలు పొందిన ఆదాయముల పట్టిక, బయటి కొనుగోలుదార్లకు జరిగిన అమ్మకముల లెక్క. ఇచ్చుటకు నిరాకరించినచో అక్కడనే లేచి రావచ్చును. ఇదివరకే చేరి మోసపోయినవారు సంస్థ ఫిర్యాదుల అధికారికి వ్రాసి, ఫలితము లేనిచో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యపై ఫోను చేయవచ్చును.